ప్రవాసి కాదు, నిర్వాసితుడు

ఎడ్వర్డ్ సయీద్ గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆయన బతికిన స్థితికి మన దగ్గర మాటేది? ‘ప్రవాసం’ అనగానే డాలస్, న్యూజెర్సీ, తానా సభలు గుర్తొస్తాయి. ఇష్టపడి వెళ్లడం, సెలవు దొరికితే వచ్చిపోవడం. ‘వనవాసం’ అందామంటే దానికి పద్నాలుగేళ్ల గడువుంది, చివర్లో పట్టాభిషేకం కూడా ఉంది. ‘నిర్వాసితులు’ అనే మాట ఒకటుంది. శ్రీశైలం నుంచి పోలవరం దాకా మునిగిన ఊళ్లన్నిటికీ వాడాం. కానీ అది ఫైళ్లలో మాట, దాదాపు ఎప్పుడూ బహువచనమే. ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కి అది నప్పుతుందా?

ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా వచ్చింది. ఎం.ఏ.లో ఉన్నప్పుడు నాకు తెలిసిన సయీద్ వేరు. ‘ఓరియెంటలిజం’ ముందుమాటా, మొదటి అధ్యాయంలో సగమూ చదివి, సి.పి. బ్రౌన్ మీద సెమినార్ పేపర్ రాశాను. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి, పాలించడానికే మన భాష నేర్చుకున్నాడు, కాబట్టి ఆయన నిఘంటువు కూడా అధికార పత్రమే అని తేల్చేశాను. చప్పట్లు పడ్డాయి. తర్వాత మా సార్ ఒక్కటే అడిగారు: “బ్రౌన్ నిఘంటువు ఎప్పుడైనా తెరిచి చూశావా?” తెరవలేదు. సయీద్ పుస్తకమూ పూర్తి చెయ్యలేదని ఆయనకి అర్థమైపోయిందనుకుంటా, రెండో ప్రశ్న అడగలేదు.

సయీద్ వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ సిగ్గే ముందు గుర్తొస్తుంది. ఎందుకంటే మనలో చాలామందికి ఆయన ఒక తిట్టుగా మిగిలిపోయాడు. ఎవర్నైనా ‘ఓరియెంటలిస్ట్’ అనేస్తే ఇక వాళ్లని చదవక్కర్లేదు. ఆయన చేసింది సరిగ్గా దీనికి ఉల్టా.

సయీద్ 1935లో జెరూసలేంలో పుట్టాడు. ఆ ఏడు వేల్స్ యువరాజుగా ఉన్నాయన పేరే వాళ్లమ్మ పెట్టింది. ముందు ఇంగ్లిష్ పేరు, వెనక అరబ్బు ఇంటిపేరు. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడంతోనే ఆత్మకథ ‘ఔట్ ఆఫ్ ప్లేస్’ మొదలవుతుంది. తండ్రికి కైరోలో స్టేషనరీ వ్యాపారం. చదువు అక్కడి విక్టోరియా కాలేజీలో. 1947 చివర్లో కుటుంబం జెరూసలేం వదిలేసింది. 1951లో స్కూలు వాళ్లు వెళ్లగొడితే అమెరికా పంపించారు. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, 1963 నుంచి చనిపోయేదాకా కొలంబియాలో ఉద్యోగం.

అంటే గుడారాల్లో పెరగలేదు, రేషన్ కార్డు కోసం క్యూలో నిలబడలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆత్మకథలో నబీహా మేనత్త కనిపిస్తుంది. కైరో చేరిన పాలస్తీనా శరణార్థుల కోసం మందులనీ, స్కూలు ఫీజులనీ, ఉద్యోగాలనీ తిరుగుతూనే ఉండేది. పిల్లవాడు ఆ ఇంట్లో కూర్చుని చూశాడు. తన దేశం పోవడమంటే ఏమిటో ఆయనకి మొదట తెలిసింది ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డ మనుషుల వల్లే.

1967 యుద్ధం దాకా ఆయన మామూలు ఇంగ్లిష్ ప్రొఫెసరే. పరిశోధన జోసెఫ్ కాన్రాడ్ మీద. పోలిష్ కుటుంబంలో పుట్టి, సముద్రం మీద తిరిగి, పెద్దయ్యాక నేర్చిన ఇంగ్లిష్‌లో నవలలు రాసిన మనిషి కాన్రాడ్. సయీద్ గౌరవించిన ఇంకో పండితుడు ఎరిక్ ఆవర్‌బాఖ్. నాజీల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న జర్మన్ యూదుడు. ఇస్తాంబుల్‌లో, తనకి కావలసిన గ్రంథాలయాలు అందుబాటులో లేని చోట, యూరప్ సాహిత్యం మీద ‘మిమేసిస్’ రాశాడు. ఒక పాలస్తీనీయుడు ఒక యూదు శరణార్థిని గురుస్థానంలో పెట్టుకున్నాడు. సయీద్ మీద వచ్చే వాదాల్లో ఈ విషయం ఎంత తక్కువ వినిపిస్తుందో చూడండి.

1978లో ‘ఓరియెంటలిజం’ వచ్చింది. తూర్పు అనేది పడమటి వాళ్లు తమ చదువుతో, తమ అధికారంతో కట్టుకున్న బొమ్మ అని అందులో వాదించాడు. దాంతో లోకం ఆయన్ని ఆ పుస్తకంలోనే బంధించేసింది. ఎజాజ్ అహ్మద్ 1992లో ‘ఇన్ థియరీ’లో దాన్ని గట్టిగానే ప్రశ్నించాడు. ఆ విమర్శలో న్యాయముంది: పడమరంతా గ్రీకుల కాలం నుంచీ ఒకే గొంతుతో మాట్లాడిందన్నట్టు రాస్తే చరిత్ర మాయమైపోతుంది. కానీ ఆ పుస్తకాన్ని ‘మావాళ్ల గురించి మేమే మాట్లాడాలి’ అనే నినాదంగా మార్చేసినవాళ్లని సయీద్ ఒప్పుకోలేదు. తర్వాతి ముద్రణకి రాసిన వెనకమాటలో, ఇది పడమరని తిట్టే పుస్తకం కాదని గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’, 1993. సయీద్ మంచి పియానిస్టు. సంగీతంలోని కౌంటర్‌పాయింట్‌ని చదివే పద్ధతిగా మార్చాడు. మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది. కౌంటర్‌పాయింట్‌లో అలా కాదు. రెండు స్వరమార్గాలు ఒకేసారి నడుస్తాయి, ఏదీ ఇంకోదానికి పక్కవాద్యం కాదు. జేన్ ఆస్టెన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ని ఆయన అలా చదివాడు. ఇంగ్లండ్‌లో ఆ భవంతి, ఆ మర్యాదలు. సముద్రం అవతల ఆంటిగ్వాలో ఇంటి యజమానికి ఆస్తి, బానిసల చాకిరీ. నవలలో ఆంటిగ్వా గురించి ఉన్నవి నాలుగు ముక్కలే. ఆ నాలుగూ వినిపించాక నవల ఇదివరకులా ఉండదు. అలాగని ఆస్టెన్‌ని అవతల పారెయ్యమనడు. గొప్ప రచయిత్రి కాబట్టే ఇంత శ్రద్ధగా చదవాలంటాడు.

ఇది చదివాక బ్రౌన్ దగ్గరికి తిరిగి వెళ్లాను. ఈసారి నిఘంటువు తెరిచాను. అది 1852 నాటిది. కంపెనీ ఉద్యోగి అవసరం అందులో ఉంది, అబద్ధం కాదు. సొంత డబ్బు పెట్టి, అప్పులు చేసి తాళపత్రాలకి ప్రతులు రాయించిన మనిషి మోజూ ఉంది. ఆయన దగ్గర జీతానికి పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితుల పాండిత్యమూ ఉంది. అట్ట మీద ఒక్క పేరే ఉంది. నా సెమినార్ పేపర్లో కూడా ఒక్క పేరే ఉంది! బ్రౌన్‌ని తిట్టే ఉత్సాహంలో అప్పయ్యని నేను రెండోసారి చెరిపేశాను.

రెండు వైపులా వినే మనిషికి ఏ వైపూ సుఖముండదు. 1985లో సయీద్ ఆఫీసుకి నిప్పు పెట్టారు. 1977 నుంచి పాలస్తీనా జాతీయ మండలిలో సభ్యుడిగా ఉండి, 1991లో రాజీనామా చేశాడు. 1993 ఓస్లో ఒప్పందాన్ని లోకమంతా పండగ చేసుకుంటుంటే, ఇది లొంగుబాటు అని రాశాడు. 1996లో అరాఫత్ ప్రభుత్వం ఆయన పుస్తకాల్ని నిషేధించింది. ఎవరి కోసం రాశాడో వాళ్ల దుకాణాల్లోనే దొరకకుండా పోయాయి. ఆ సమయానికి ఆయనకి లుకేమియా వచ్చి ఐదేళ్లు.

1992లో, నలభై ఐదేళ్ల తర్వాత, భార్యాపిల్లలతో జెరూసలేం వెళ్లాడు. తల్బియాలో తాము వదిలొచ్చిన ఇల్లు కనిపించింది. అందులో ఒక విదేశీ క్రైస్తవ సంస్థ ఆఫీసుంది. లోపలికి వెళ్లమని కూతురు అడిగినా ఆయన కాలు కదల్లేదు. 2003 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో చనిపోయాడు. అస్థికలు లెబనాన్ కొండల్లో ఉన్నాయి. జెరూసలేంలో లేవు.

ప్రవాసం గురించి రాసిన వ్యాసంలో సయీద్ ఒక మాట హెచ్చరికలా చెప్తాడు. పరాయి దేశంలో కూర్చున్న గొప్ప రచయితల ఒంటరితనాన్ని కాసేపు పక్కన పెట్టి, పేరూ కాగితమూ లేకుండా శరణార్థి శిబిరాల్లో ఉన్న లక్షలమందిని ముందు తలుచుకోమంటాడు. అందుకే ఆయనకి ‘నిర్వాసితుడు’ అనే మాటే వాడుతున్నాను. మామూలుగా బహువచనంలోనే కనిపించే మాట అది. తనొక్కడి గురించి రాసుకున్నప్పుడు కూడా ఆయనకి ఆ బహువచనం గుర్తుంది.

కొత్తగా చదివేవాళ్లు ‘ఓరియెంటలిజం’తో మొదలుపెట్టకండి. ‘ఔట్ ఆఫ్ ప్లేస్’ ముందు చదవండి. మొదలుపెట్టింది మాత్రం పూర్తి చెయ్యండి.