సిఫారసు వచ్చింది, చేను రాలేదు

ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవులో నిలబడితే కృష్ణ అవతలి గట్టున రాజధాని ప్రాంతం కనపడుతుంది. ఆ గట్టునే, ఉద్దండరాయునిపాలెంలో, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. ఆ గట్టు చూస్తూ కోనేరు రంగారావు భూకమిటీ నివేదికను మళ్లీ చదివాను. 2004 డిసెంబరులో వేసిన కమిటీ, 2006లో ఇచ్చిన నివేదిక, 104 సిఫారసులు. దానికి అధ్యక్షుడు మన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన దళిత మంత్రి. అందుకే దాన్ని విమర్శించే బాధ్యత కూడా మనదే.

ముందు మంచి చెప్పుకోవాలి. పేదవాడికి భూమి లేకపోవడం ఒక్కటే సమస్య కాదని ఈ నివేదిక గుర్తించింది. పట్టా ఉండి భూమి లేనివాళ్లున్నారు. భూమి ఉండి పట్టా లేనివాళ్లున్నారు. రెండూ ఉండి హద్దు తెలియనివాళ్లూ ఉన్నారు. ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. మా ఇంట్లో రేకు పెట్టెలో డి-ఫారం పట్టా ఉండేది, చేనేమో ఊళ్లో ఆసామి సాగులో ఉండేది. నాయన ఆఫీసు గడప తొక్కిన ప్రతిసారీ "రేపు రా" అనిపించుకుని వచ్చేవాడు. ఆ "రేపు"ను ప్రభుత్వ కాగితం మీద సమస్యగా రాయించడం చిన్న పనేం కాదు.

మరి లోపం ఎక్కడుంది? రోగం ఏ ఆఫీసులో ఉందో, మందు కూడా ఆ ఆఫీసు చేతికే ఇచ్చారు. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించి, అన్యాక్రాంతమైతే తిరిగి ఇప్పించమన్న చట్టం 1977 నుంచే ఉంది. అమలు చేయనివాడికి ఇంకో సిఫారసు ఇస్తే ఏమవుతుంది? ఫైలు లావెక్కుతుంది. చాలా సిఫారసులు ఆమోదించామని ప్రభుత్వం ప్రకటించింది. అయినా 2007 జులై 28న, భూమి కోసం వామపక్షాలు బంద్ చేసిన రోజు, ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. నివేదిక అమలు చేయమనడం కూడా ఆ పోరాటం అడిగిన వాటిలో ఒకటి.

ఇక అవతలి గట్టుకి రండి. ప్రభుత్వం తీసుకున్న అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2015లో రాజధాని భూసమీకరణ నిబంధనలు వచ్చాయి. మెట్ట ఎకరా ఇచ్చిన పట్టాదారుకి వెయ్యి గజాల ఇంటిస్థలం, అసైన్డ్ ఎకరా ఇచ్చినవాడికి ఎనిమిది వందలు! నేల ఒకటే, నీళ్లు ఒకటే. ఆ రెండు వందల గజాల తేడా ఎవరి కులం ఖాతాలోంచి పోయింది? తర్వాత ప్రభుత్వాలు మారాయి, నిబంధనలు మార్చే మాటలూ వచ్చాయి. కాని ఆ మొదటి లెక్క వేసిన చెయ్యికి కోర్టు తీర్పు గాని, కమిటీ నివేదిక గాని అడ్డం పడలేదు. మనం మర్చిపోకూడనిది అదే.

సిఫారసు హక్కు కాదు. 2013లో ఉపప్రణాళిక చట్టమయిందంటే దళిత సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డు మీద నిలబడ్డాయి కాబట్టే. విధాన పరిశోధన చేసే మనబోటివాళ్లం నివేదికను సెక్రటేరియట్‌లో ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరి సాగులో ఉంది, ఈ జాబితా పల్లెలో, గూడెంలో అందరి ముందూ చదవాలి. ఏ తేదీలోగా ఏ అధికారి తేల్చాలో, తేల్చకపోతే ఏం జరగాలో చట్టంలో రాయించాలి. అంతవరకు నూట నాలుగు సిఫారసులూ మా నాయన రేకు పెట్టెలో ఆ పట్టా పక్కన పెట్టుకునే కాగితాలే.