కదలు బొమ్మ, నేర్చు చేయి

తుడిచి ఆరబెట్టినను శిశువు ఊపిరి తీయనిచో, పుట్టిన మొదటి నిమిషములోనే అంబు బ్యాగుతో, అనగా ముసుగు గల గాలిసంచితో, నిమిషమునకు 40 నుండి 60 మార్ల వంతున గాలి అందింప మొదలిడవలెను. ఇట్టి పనులను నర్సులకు కదలు బొమ్మలతో నేర్పునది డెన్మార్కులోని మెటర్నిటీ ఫౌండేషన్ వారి ‘సేఫ్ డెలివరీ యాప్’.

తల ఎట్లుంచవలెనో, ముసుగు ఎచట ఆనవలెనో మాటకంటె బొమ్మయే తేటగా చూపును. ఇథియోపియాలో 73 ఆరోగ్యకేంద్రములందు జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలో, యాప్ వాడినవారి జ్ఞానము, నేర్పు రెండును పెరిగెను. కాన్పు వేళల శిశుమరణములు, యాప్ లేనిచోట వెయ్యి జననములకు 23 కాగా, ఉన్నచోట 14. అయినను ఈ భేదము కాకతాళీయము కాదనుటకు గణాంకశాస్త్రము ఒప్పలేదు. కావున ప్రాణములు నిలిపెనని చాటుట తొందరపాటగును.

లోప మెచట? మెరుపు పుట్టు విధమును ఏకధాటిగా చూచినవారికంటె, తామే మీట నొక్కుచు ముక్కముక్కగా చూచినవారు దానిని బాగుగా అన్వయించిరని 2001లో మేయర్, ఛాండ్లర్ కనుగొనిరి. అనగా బొమ్మ వేగము అభ్యాసకుని చేతిలో నుండవలెను. అదియు చాలదు. ముసుగు అంచున గాలి జారుటను పట్టుకొనవలసినది చేయి. చేతికి తెర పాఠము చెప్పజాలదు.

కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నర్సులకు శిక్షణ నిచ్చువారు ఫోను ప్రక్కన రబ్బరు శిశువును, గాలిసంచిని గూడ ఉంచవలెను. చూచుట సగము పాఠమే గదా!