నూకడు ఏ ఊరివాడు?

డర్బన్ ఓడ జాబితాలో ఒక పేజీ నకలు మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు అది నాకు కిరాణా చిట్టాలాగే కనిపించింది. కాలనీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీది గుర్తులు. ఆ కాగితాన్ని అనకాపల్లి దగ్గర ఒక రిటైర్డ్ రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గారికి చూపించాను. గుమాస్తా ఇంగ్లీషులో వంకరగా రాసిన పేరును ఆయన రెండుసార్లు పైకి పలికారు. కళ్ళు మూసుకుని మూడోసారి పలికి, "నూకడు. నూకాలమ్మ పేరు పెట్టుకున్నవాడు. మనవాడే బాబూ" అన్నారు. నూట ఇరవై ఏళ్ళకు పైగా ఒక నంబరుగా పడివున్న మనిషి ఆ మాటతో నాకు మనిషిగా కనబడ్డాడు. ఆ రోజు నుంచి నేను ఓడ జాబితాలను బట్టి మనుషుల ఊళ్ళు వెతికే ఈ విద్యకు దాసుణ్ణి.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1879 నుంచి ఫిజీకి ఒప్పందం మీద మనుషులను ఓడలెక్కించారు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా నటాల్ వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. కరువు, అప్పు, మేస్త్రీల మాయమాటలు అన్నీ అందులో ఉన్నాయి. ఇంతమందికి విడివిడిగా వరుసలు రాసిపెట్టారంటే ప్రేమతో కాదు, ఏ తోటకు ఎవరిని అప్పగించారో లెక్క తప్పకూడదని. ఆ లెక్కే ఇప్పుడు మునిమనవలకు మిగిలిన ఆస్తి.

ఈ విద్యలో మొదటి సూత్రం వెనక్కి నడవడం. తెలిసిన చివరి మనిషి దగ్గర మొదలుపెట్టాలి. తాత జనన పత్రంలోనో పెళ్ళి పత్రంలోనో అమ్మానాన్నల కాలనీ నంబరు దొరికితే సగం దారి నడిచినట్టే. నంబరు ఓడను చూపిస్తుంది, ఓడ జాబితా ఊరిని చూపిస్తుంది. తొందరపడేవాళ్ళు ఆ ఒక్క వరుస చదివి ఆగిపోతారు. ఆ రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గారు, మా పెద్దాయన, మాత్రం పైన పది వరుసలు, కింద పది వరుసలు చదవందే లేవరు. ఒకే ఊరివాళ్ళు, ఒకే ఇంటివాళ్ళు ఓడెక్కే ముందు డిపోలో పక్కపక్కన నిలబడితే నంబర్లూ పక్కపక్కనే పడతాయి. భార్య వరుసలో ఆమె తండ్రి పేరు ఉంటే దాన్ని కూడా వదలరు. మేనరికాల సీమ ఇది. ఆ తండ్రి భర్తకు మేనమామ కూడా కావచ్చు. ఒక్క పేరుతో రెండిళ్ళు తెరుచుకుంటాయి.

పేర్ల దగ్గరే అసలు ప్రతిభ తెలుస్తుంది. అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాచలం అని ఉంటే సింహాచలం అప్పన్న కొండ నీడన పుట్టినవాళ్ళేమో చూడాలి. పైడితల్లి, పైడమ్మ అంటే విజయనగరం వైపు. నూకయ్య, నూకరాజు అంటే అనకాపల్లి చుట్టుపక్కల. పెంచలయ్య కనిపిస్తే ఉత్తరాంధ్రను వదిలి నెల్లూరు వైపు, పెంచలకోన దిక్కుగా వెతకాలి. కులం గడిలో 'జెంటూ' అని ఉంటే అది కులం కాదు. మద్రాసు దొరల భాషలో తెలుగువాడని అర్థం. ఇదంతా ఏ నిఘంటువూ నేర్పదు, జాతరలకు తిరిగిన చెవి నేర్పుతుంది. నెల్లూరు మిత్రులు ఏమనుకున్నా సరే, ఈ పేర్లు వినడంలో ఉత్తరాంధ్ర చెవికి సాటి మరొకటి లేదని నా నమ్మకం.

పండితుల పని తక్కువదని కాదు. ఫిజీ చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఉత్తర భారతం నుంచి ఫిజీ వెళ్ళినవాళ్ళ వలస పాసులు 45,439 ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఎంత ఓపిక! సురేంద్ర భానా నటాల్ ఓడ జాబితాలనే ఆధారంగా చేసుకుని ఒక పుస్తకం రాశారు. మారిషస్‌లోని మోకా పట్టణంలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్లే కాదు, వలస వచ్చినవాళ్ళ ఫోటోలు కూడా ఉన్నాయి. 1872లో తెలుగు పల్లె నుంచి ఓడెక్కిన తన పూర్వీకుల గురించి మారిషస్ రచయిత్రి నతాషా అప్పానా 2023లో ఫ్రెంచిలో పుస్తకం రాశారు. అప్పానా అంటే మన అప్పన్నే కదా!

అయితే ఊరి పేరు దొరికాక ఇటువైపు పని మొదలవుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జాబితాలో చికాకోల్ అని ఉంటే శ్రీకాకుళం. 1936 దాకా అది గంజాం జిల్లాలో ఉండేది, కాబట్టి విశాఖ కాగితాల్లో వెతికి లాభం లేదు. కొత్తూరులు, రామాపురాలు లెక్కలేనన్ని. ఏది మనదో ఠాణా గడి తేల్చాలి. ఆ పైన భూమి లెక్కలు. రైతువారీ ఊళ్ళకు రీసర్వే సెటిల్మెంటు రిజిస్టరు, ఇనాం భూములుంటే ఇనాం రిజిస్టరు చూడవచ్చు. విశాఖ జిల్లాలో చాలా భాగం విజయనగరం, బొబ్బిలి, జయపురం జమీందారీల కింద ఉండేది. అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగలే దిక్కు. కూలికి పోయినవాడికి భూమి ఎక్కడిది అంటారు. అతనికి లేకపోవచ్చు, ఊళ్ళో ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లలకు ఉండొచ్చు. వాళ్ళ పేర్ల ముందు ఇంటిపేరు ఉంటుంది.

ఓడ జాబితా మింగేసింది సరిగ్గా ఆ ఇంటిపేరునే. దానికి గడి లేదు. సముద్రం అవతల తాత పేరే మనవలకు ఇంటిపేరైపోయింది.

కాగితం ఆగిన చోట ఊరి ముసలమ్మను అడగాలి. "మీ ఇంట్లో నటాల్ వెళ్ళినవాళ్ళు ఉన్నారా?" అంటే లేరంటారు. పెద్దాయన అలా అడగరు. "రంగం పోయి తిరిగి రానివాళ్ళు ఎవరమ్మా?" అని అడుగుతారు. రంగం అంటే రంగూన్. ఇక్కడి జ్ఞాపకంలో సముద్రం దాటిన ప్రతివాడూ రంగూనే పోయాడు!

ఇంత నేర్పు కావలసిన చోట ఇప్పుడు దుకాణాలు వెలిశాయి. డబ్బు కడితే చాలు, పేరు కలిసిన మొదటి మనిషిని తాతగా అంటగట్టి, బంగారు అంచు వంశవృక్షం అచ్చువేసి ఇస్తారు. తెలుగు అక్షరం రానివాళ్ళు మన ఊళ్ళ పేర్లు తేలుస్తున్నారు. అంతకన్నా నీచం, కులం గడిలో మాల అనో మాదిగ అనో ఉంటే దాన్ని చెరిపి నాయుడు చేసి, ఒక రాజవంశాన్ని తగిలించడం. చెమటోడ్చి ఒక దేశాన్ని నిలబెట్టిన మనిషికి అరువు రాజు దేనికి? ఉన్నది ఉన్నట్టు చెప్పలేనివాడు ఆ రిజిస్టరు ముట్టుకోకూడదు.

కోపం అటువైపు మాత్రమే చూపిస్తే అన్యాయమవుతుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊరి లెక్కల కట్టలు ఎన్ని చెదలపాలయ్యాయో, ఎన్ని తూకానికి పోయాయో నా కళ్ళతో చూశాను. సముద్రం అవతల కూలీల జాబితాలు కంప్యూటర్లకెక్కాయి. ఇవతల ఊరి కాగితం పొడి రాలుతోంది. మిగిలిన కట్టలనైనా ఫోటోలు తీయించండి. ఊళ్ళ పాతపేర్లు చెప్పగలిగినవాళ్ళను కూర్చోబెట్టి రాయించుకోండి. మా పెద్దాయనకు ఎనభై దాటాయి, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ లేడు.

పోయిన సంక్రాంతికి నూకడి మునిమనవరాలు వచ్చింది. తెలుగు రాదు. జాబితాలో ముత్తాతకు ఎడమ మోకాలి కింద మచ్చ అని ఉంది; తన మోకాలు కూడా తడిమి చూసుకుంది. పెద్దాయన ఆమెను ఒక పెంకుటింటి ముందుకు తీసుకెళ్ళి, లోపలివాళ్ళతో అరగంట మాట్లాడారు. తిరిగి వచ్చి ఆమె నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. కాలనీ నంబరు పక్కన ఇంటిపేరు తెలుగులో రాసి, ఎలా పలకాలో ఆమె చేత మూడుసార్లు అనిపించారు.