‘ప్రయోగశాల రసాయనాలు’: ఒక సుంకపు నిర్వచనం – విమర్శ

భారత కస్టమ్స్ పట్టికలోని 9802 శీర్షిక ‘ప్రయోగశాల రసాయనాల’ను 500 గ్రాములు లేదా 500 మిల్లీలీటర్లకు మించని ప్యాకింగు, శుద్ధత, గుర్తులను బట్టి నిర్వచిస్తుంది. కొనేదెవరన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. దాని పర్యవసానం 2024 జూలై బడ్జెట్‌లో బయటపడింది. ఇథనాల్ దిగుమతులను అరికట్టే ఉద్దేశంతో ఆ శీర్షికపై సుంకాన్ని 10 శాతం నుంచి 150 శాతానికి పెంచగా, పరిశోధకులు వాడే ఎంజైములు, కారకాలు సైతం ఆ భారం కిందికి వచ్చాయి.

శాస్త్రజ్ఞుల నిరసన అనంతరం ఆగస్టు 1న 10 శాతాన్ని పునరుద్ధరించారు. అయితే అది సొంత వినియోగానికి దిగుమతి చేసుకునేవారికే పరిమితమైంది. తిరిగి అమ్మే వర్తకునికి ఆ రాయితీ దక్కలేదు. నేరుగా దిగుమతి చేసుకోలేక, అతని వద్ద ఒక్క సీసా కొనుక్కునే చిన్న కళాశాల సవరణ వెలుపలే మిగిలింది. ఇథనాల్‌ను విడిగా పేర్కొని ఉంటే సవరణ అవసరమే ఉండేది కాదు. లోపం సుంకపు రేటులో కంటే నిర్వచనంలోనే అధికం.