చేతితో పెట్టగానే కూర్చోవాలి

అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీఓ కారుకు హెడర్ (ఇంజిన్ పొగను బయటికి తీసుకెళ్లే పైపుల అమరిక) కావాలంటే కేటలాగు తిరగేస్తే చాలు. మెదక్ జిల్లా నిజాంపేటలో పాత కాంటెస్సా పెట్టుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. రాణిగంజ్‌లో పైపు కొనాలి, బాలానగర్‌లో ఫ్లాంజ్ కోయించాలి, చేయి తిరిగిన వెల్డర్‌ను వెతుక్కోవాలి. కొనేవాడు డబ్బా మీది పేరు చూసి ఎంచుకుంటాడు. చేయించుకునేవాడు ప్రతి వంపునూ, ప్రతి కొలతనూ తానే తేల్చుకోవాలి. మన మెకానిక్కుల దగ్గర ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వస్తున్న ఈ పనిని నేను విద్య అనే అంటాను.

హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాను 1984లో తెచ్చింది. ఒళ్లు ఇంగ్లండు వాక్స్‌హాల్ వీఎక్స్‌ది. పొడుగాటి బానెట్టు, వెడల్పు ముఖం. మన దేశపు మజిల్ కారు అన్న పేరు ఆ రూపం వల్లే వచ్చింది. లోపల మాత్రం మొదట్లో ఉన్నది అంబాసిడర్ ఇంజినే: 1489 సీసీ, 50 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చాక గానీ ఆ ఒంటికి తగ్గ బలం రాలేదు. 2002లో తయారీ ఆగింది. ఇక్కడ చెప్పేదంతా ఆ మొదటి ఇంజిన్ గురించే. అంబాసిడర్ల పుణ్యమా అని దాని సామాను ఇంకా దొరుకుతోంది. పైగా హెడర్ చేసే పని ఏమిటో అంత తేటగా చూపే ఇంజిన్ ఇంకోటి నాకు తెలియదు.

అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్ కుటుంబానికి చెందింది. సిలిండర్లు నాలుగైనా పొగ బయటికొచ్చే దార్లు మూడే. ఒకటి, నాలుగు సిలిండర్లకు చెరొకటి. రెండు, మూడు కలిసి నడిమి దారిని పంచుకుంటాయి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. వేళ్ల మీద లెక్కేసి చూడండి: మూడు పేలాక రెండు పేలేలోపు క్రాంక్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. ఒకటికీ నాలుగుకూ మధ్య కూడా అంతే. అంటే ఒకే దారి పంచుకున్నా రెండూ, మూడూ ఒకదానికొకటి అడ్డు రావు. అందుకే ఈ ఇంజిన్‌కు నప్పే హెడర్‌లో బయటి రెండు పైపులు ముందు కలుస్తాయి. నడిమి పైపు పొడుగ్గా విడిగా దిగి, కింద వాటితో చేరుతుంది. ఒక సిలిండర్ పొగ పైపులో దూసుకుపోతూ తన వెనక వెలితి వదులుతుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే క్షణానికి ఆ వెలితి అందితే, మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలికి చోటిస్తుంది. కారుతో వచ్చే బీడు మానిఫోల్డులో పొగలన్నీ ఒకే పొట్టి గదిలోకి పడి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పేరుగొప్ప షెవర్లే వీ8కు సైతం ఈ సుఖం లేదు. దాని ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. ఒక పక్క ఐదు, ఏడు వెంటవెంటనే పేలతాయి, ఇంకో పక్క ఎనిమిది, నాలుగు.

పైపు లావు దగ్గరే చాలామంది ఆశపడతారు. లావు పెరిగితే పొగ వేగం తగ్గుతుంది, ఆ లాగుడూ పోతుంది. ఊళ్ల మధ్య తిరిగే 50 హార్స్‌పవర్ బండికి సన్నపాటి పైపే మేలు. పైపు నోరు హెడ్ రంధ్రం కన్నా వెంట్రుకవాసి పెద్దదైనా ఫరవాలేదు, చిన్నది మాత్రం కాకూడదు. అంచు అడ్డొచ్చి పొగ అక్కడే సుడి తిరుగుతుంది.

ఇక అసలు కష్టం అమరికలో ఉంది. ఈ ఇంజిన్‌కు కార్బురేటర్ వైపు మానిఫోల్డూ, పొగ వైపు మానిఫోల్డూ ఒకే పక్క ఉంటాయి. రెండింటి అంచులనూ కలిపి నొక్కిపట్టేది ఒకే మందపాటి వాషర్, ఒకే నట్టు. కొత్త హెడర్ ఫ్లాంజ్ మందం, పక్కనున్న ఇంటేక్ మానిఫోల్డు అంచు మందం సమానంగా లేకపోతే వాషర్ ఒరుగుతుంది. ఎక్కువ మందమున్న వైపే బిగుసుకుంటుంది, రెండో వైపు లీకవుతుంది. ఎంత బిగిస్తే అంత ఒరుగుతుంది, చివరికి స్టడ్ తెగుతుంది. కాబట్టి హెడర్ చేతికి రాగానే మొదట చూడాల్సింది మెరుపు కాదు, వెర్నియర్‌తో ఆ రెండు మందాలు. ఒక మెకానిక్ నాతో అన్నమాట: "అన్నా, నట్టు బిగించి కూసోబెడితే అది కూసున్నట్టు గాదు. చేతితో పెట్టంగనే కూసోవాలె." ఆయన పాత ప్యాకింగ్ పెట్టి, ఒక్క నట్టు కూడా వేయకుండా హెడర్‌ను స్టడ్‌ల మీదికి తోసి, అరచేత్తో ఒత్తిపట్టి, అంచు చుట్టూ ఫీలర్ గేజ్ తిప్పుతాడు. ఎక్కడ దూరితే అక్కడ పని మిగిలి ఉన్నట్టే.

అలా కూర్చోవాలంటే తయారీలోనే జాగ్రత్త ఉండాలి. మాండ్రెల్ మీద వంచిన బెండు దొరికితే అదే తీసుకోవాలి, లోపలి వ్యాసం తగ్గదు. దొరకనిచోట మనవాళ్లు పైపులో ఇసుక దట్టించి, రెండు కొసలా కర్ర బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచుతారు. పైపు నలగకుండా ఇసుక కాపాడుతుంది. కానీ ఆ ఇసుకను ముందు పెనం మీద బాగా వేయించాలి. తడి మిగిలితే ఆవిరై బిరడా తుపాకి గుండులా ఎగిరిపోతుంది. బెండ్లు సిద్ధమయ్యాక కారు మీదే ట్యాకులు వేసి, విప్పి, పనికిరాని పాత హెడ్‌కు ఫ్లాంజ్‌ను బిగించి పూర్తి వెల్డింగ్ చేస్తారు. చల్లారేదాకా విప్పరు. తొందరపడి విప్పితే ఫ్లాంజ్ విల్లులా వంగుతుంది. ఆ తర్వాత కూడా ముఖం సాపు చేయించాల్సిందే.

పైపు ఎమ్మెస్సా (మైల్డ్ స్టీలా), స్టెయిన్‌లెస్సా అంటే ఈ కారుకు నా ఓటు ఎమ్మెస్‌కే. 60 సెంటీమీటర్ల ఎమ్మెస్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఐదు దాటుతుంది. సాగడానికి చోటివ్వకుండా కింద ఛాసిస్‌కు గట్టిగా కట్టేస్తే వెల్డింగ్ చీలుతుంది. అందుకే హ్యాంగర్లు రబ్బరువే ఉండాలి. ఇంజిన్ మౌంటింగ్‌లు కుంగి ఉంటే ముందు అవి మార్చి, ఆ తర్వాతే కొలతలు తీయాలి. లేదంటే ఇవాళ అమరిన పైపు రేపు కొత్త మౌంటింగ్ వేయగానే పక్కకు పోతుంది. పైపులు కలిసే చోటు క్రాస్ మెంబర్ కన్నా కిందికి వేలాడకూడదు. మన పల్లెల స్పీడ్ బ్రేకర్లు దాన్ని వదిలిపెట్టవు. కార్బురేటర్ సరిగ్గా పైనే ఉంటుంది కాబట్టి మధ్యలో రేకు అడ్డం తప్పనిసరి. మే నెల మధ్యాహ్నం పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయే బాధ తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

హెడర్ వేశామని సైలెన్సర్ తీసేయడం నాకు నచ్చని పని. చట్టానికీ నచ్చదు: శబ్దం హద్దు దాటితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. ఈ ఇంజిన్‌లో హెడర్ వల్ల పెరిగే బలం కొద్దిగానే. ఫలం తెలిసేది పై గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు. ఇంజిన్ రొప్పకుండా లాగుతుంది.

బిగించాక చల్లని ఇంజిన్‌నే స్టార్ట్ చేసి, వెనక పైపుకు మందపాటి గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టించి, ముందు చెవి పెట్టి వినాలి. బుస్సుమంటే లీకు. అలాగే వదిలేస్తే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమంటుంది, విషపు పొగ క్యాబిన్‌లోకీ వస్తుంది. మొదటిసారి నడిపి పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. ఇత్తడి నట్లయితే తుప్పుకు పట్టేయవు. విప్పిన బీడు మానిఫోల్డును తుక్కుకు వేయొద్దు. నూనె రాసి, గోనెసంచిలో చుట్టి, దాని వాషర్లతో సహా దాచండి.