పొట్లం విప్పాకే పెట్టెలోకి

సౌదీలోని చమురు రేవు రాస్ తనూరాలో సెలవు మీద ఇంటికి పోయేవాడి పెట్టెలో అతని సామాను సగమే ఉంటుంది. టికెట్టు ఖాయమైందని తెలిస్తే చాలు, శుక్రవారం ఇక్కడి రహీమా బస్తీలోని అతని గదికి జగిత్యాల వాళ్లు, రాజంపేట వాళ్లు, రాజోలు వాళ్లు పొట్లాలతో వస్తారు. "అన్నా, ఇది మా ఇంట్ల అప్పజెప్పు" అంటారు. హైదరాబాదులో దీన్ని అమానత్ అంటారు. అరబ్బులకూ అది బరువైన మాటే.

అమానత్ మోయడం నేర్చుకోవాల్సిన విద్యేనని నా నమ్మకం. అందులో అన్నిటికన్నా కష్టమైనది, ఇచ్చినవాడి ఎదుటే పొట్లం విప్పించడం. అనుమానిస్తున్నామనుకుంటాడేమోనని మొహమాటపడి, కట్టింది కట్టినట్టే పెట్టెలో సర్దేస్తారు. మనం పనిచేసే చోటు సంగతే చూడండి. 1939 మే 1న సౌదీ రాజు అబ్దుల్ అజీజ్ కవాటం తిప్పి మొదటి ట్యాంకరుకు ముడిచమురు వదిలింది ఈ ఊళ్లోనే. ఇక్కడ చమురు ఎక్కించినప్పుడల్లా ఒడ్డు లెక్క ఒకటి, ఓడ లెక్క మరొకటి తీసి పోల్చుకుంటారు. నమూనా సీసాలకు సీలు వేస్తారు, సంతకాలు పెడతారు. ఎవరూ నొచ్చుకోరు. అలాంటి చోట పనిచేసే మనవాళ్లు తోటివాడి పొట్లం విప్పమనడానికి ఎందుకు జంకాలి?

జంకితే ప్రాణం మీదికే రావచ్చు. మత్తుమందుల రవాణాకు సౌదీలో మరణశిక్ష దాకా ఉంది. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంకా భద్రంగా ఉండాలి. మన మసాలాలో పడే గసగసాలు ఇక్కడ నిషిద్ధం. కొడుకు కోసం అమ్మ ప్రేమగా దంచిన పొడి, దాన్ని తెచ్చిన మనిషిని జైలుకు పంపగలదు. బంగారం సంగతీ అంతే. ఏడాదికి పైగా విదేశంలో ఉన్న మగవాడు సుంకం లేకుండా ఇండియాకు తీసుకుపోగలిగేది 20 గ్రాముల నగ, అదీ తన సొంతదైతేనే. ఇతరుల గొలుసులు వద్దనేయాలి. ఎంత దగ్గరివాడైనా సరే.

అప్పగించేటప్పుడు ఇంకో చిక్కు. భార్య కోసమని పంపినది బస్టాండుకు ఎదురొచ్చిన బావమరిది చేతికో, వాకిట్లో కూర్చున్న అత్తగారి చేతికో పోతుంది. "ఎవరికిస్తే ఏంటి, ఒకే ఇల్లు కదా" అంటారు. ఒకే ఇల్లు కాదు. రెండేళ్లుగా మొగుడి ముఖం చూడని మనిషికి ఆ పొట్లం తన పేరున, తన చేతికే రావాలి. అందుకే బయల్దేరే ముందు పంపినవాడితో ఇంటికి ఫోను చేయించాలి. ఏం పంపుతున్నాడో, ఎవరికో అతనే చెప్పాలి. మోసేవాడు పక్కనే ఉండి వినాలి.