వెనక్కి పోయిన చెయ్యి

ఎయిడ్స్ మీద తీసిన సినిమా చూస్తున్నంతసేపూ నా కళ్లు రోగి పక్కనున్నవాళ్ల చేతుల మీదే ఉంటాయి. వెలి అన్నది కనబడేది అక్కడే. బక్కచిక్కిన ఒళ్లు చూపించి ఏడిపించడం ఏ దర్శకుడికైనా తేలికే. పక్కవాడి చెయ్యి ఎంత దూరంలో ఆగిందో చూపించడం కష్టం.

జొనాథన్ డెమ్మీ 1993లో తీసిన 'ఫిలడెల్ఫియా' అందుకే నాకంత ఇష్టం. ఆండ్రూ బెకెట్ (టామ్ హాంక్స్) పేరున్న లాయరు. ఎయిడ్స్ వల్ల నుదుటి మీద వచ్చిన మచ్చ పైవాళ్ల కంట పడ్డాక ఉద్యోగం పోతుంది. కేసు వేద్దామని మరో లాయరు జో మిల్లర్ (డెంజెల్ వాషింగ్టన్) ఆఫీసుకు వెళ్తాడు. మిల్లర్ చెయ్యి కలుపుతాడు, మొహానికేమైందని అడుగుతాడు. ఎయిడ్స్ అని వినగానే మనిషి గబుక్కున వెనక్కి జరుగుతాడు. అక్కణ్ణుంచి మనం మిల్లర్ కళ్లతోనే చూస్తాం: బెకెట్ తీసి బల్ల మీద పెట్టిన టోపీ, బల్ల మీది వస్తువుల దగ్గరికి పోయే అతని వేళ్లు. మిల్లర్ ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆ భయం మన ఒంట్లోకీ పాకుతుంది.

ఆ తర్వాత మిల్లర్ డాక్టరు దగ్గరికి పోతాడు. ముట్టుకుంటే రాదని డాక్టరు విడమరిచి చెప్తాడు. అయినా బెరుకు పోదు. మార్పు లైబ్రరీలో మొదలవుతుంది. వేరే గదిలో కూర్చుంటే మీకు వీలుగా ఉంటుందేమోనని అక్కడి ఉద్యోగి బెకెట్‌తో మర్యాదగానే అంటాడు. పుస్తకాల చాటు నుంచి మిల్లర్ చూస్తాడు. నల్లజాతివాడైన అతనికి అలాంటి మెత్తని గెంటివేత కొత్తేమీ కాదు. చివర్లో ఆసుపత్రి మంచం మీద బెకెట్ మొహానికి ఆక్సిజన్ మాస్కు సర్దేది ఆ మిల్లరే.

మన ప్రచారాలు మాత్రం డాక్టరు చెప్పే మాట దగ్గరే ఆగిపోయాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఎయిడ్స్ ప్రచారం కోసం ఊరూరా హోర్డింగులెక్కిన ఊహాపాత్ర పులిరాజా గుర్తున్నాడు కదా. అతనికి ఎయిడ్స్ వస్తుందా అని అందరూ మాట్లాడుకున్నారు. వచ్చాక అతని పక్కన కూర్చుని ఎవరు అన్నం తింటారని ఆ హోర్డింగు అడగలేదు.

ఆ ప్రశ్న దర్శకుడు ఒనిర్ అడిగాడు, 2005లో, 'మై బ్రదర్ నిఖిల్'తో. ఈత చాంపియన్ నిఖిల్ కొలనులోకి దిగితే మిగతావాళ్లు గట్టెక్కేస్తారు. ఆ కథ వెనకున్న నిజం ఇంకా ఘోరం. హెచ్‌ఐవీ ఉందని 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే అతన్ని పోలీసులు పట్టుకుపోయి, వాడకంలో లేని పాత క్షయ ఆసుపత్రిలో 64 రోజులు బంధించారు. అప్పటి రాష్ట్ర ప్రజారోగ్య చట్టమే అందుకు వీలిచ్చింది.

బెకెట్, నిఖిల్ ఇద్దరూ చనిపోతారు. ఆ కాలానికి అది నిజమే. 1996లో గానీ వైరస్‌ను అదుపు చేసే కలగలుపు మందులు రాలేదు. మన దేశంలో ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. ఇప్పుడు మందులు మానకుండా వాడితే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది, అలా తగ్గి ఉన్నంతకాలం శృంగారం వల్ల మరొకరికి సోకదు. ఇంకా రోగిని చంపి కన్నీళ్లు రాబట్టే కథ రాస్తే అది అబద్ధమే.

నాకు చూడాలనున్న సినిమాలో రోగి బతికే ఉంటుంది. తెలిసినవాళ్ల కంట పడతానేమోనని ఆ మందులిచ్చే పక్క జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కు బస్సెక్కి పోతుంది. తెచ్చుకున్న మందుల డబ్బా బీరువాలో చీరల కింద దాచుకుంటుంది. ఒకరోజు ఆ డబ్బా అత్తగారి చేతికి దొరుకుతుంది. మర్నాడు పొద్దున కోడలు కలిపిచ్చిన కాఫీని ఆ అత్తగారు ఏం చేస్తుందో, కెమెరా పక్కకు తిప్పకుండా చూపించే దర్శకుడు తెలుగులో రావాలి.